1760 నుంచి 1540 దాకా: ఇంగ్లండ్ పూర్వీకులను రుజువులతో వెతకడం

ప్రశ్న ఇది: "మా అమ్మమ్మ వైపు వాళ్లు సికింద్రాబాద్ ఆంగ్లో-ఇండియన్లు. మద్రాసు సైన్యంలో పనిచేసిన ఒక పూర్వీకుడు 1760 ప్రాంతంలో వార్విక్‌షైర్‌లో పుట్టాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఒక వెబ్‌సైట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం అక్కణ్నుంచి 1540 దాకా తండ్రుల పేర్లన్నీ ఇచ్చేసింది. దాన్ని నమ్మొచ్చా? మేమే వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఇప్పటికి నమ్మకండి, కొట్టిపారేయకండి కూడా. ఆ వంశవృక్షంలో ఏడెనిమిది తరాలు ఉంటాయి. ప్రతి తరం దగ్గరా ఒకే ప్రశ్న వేయాలి: ఫలానా సంవత్సరం బాప్తిస్మం పొందిన పిల్లవాడు, పాతికేళ్ల తర్వాత పెళ్లి చేసుకున్న అదే పేరు గల మనిషి ఒక్కరేనని చెప్పే కాగితం ఏది? బాప్తిస్మం రిజిస్టరులో ఒక కొస ఉంటుంది, పెళ్లి రిజిస్టరులో ఇంకో కొస. రెండింటినీ కలిపే ముడి ఆ రిజిస్టర్లలో దాదాపు ఎప్పుడూ ఉండదు. వీలునామాలోనో, మేనరు (జమీందారీ) కోర్టు పత్రంలోనో, ఏదో వ్యాజ్యంలోనో దొరుకుతుంది. ఇంటర్నెట్‌లోని చాలా వృక్షాలు పేరు కలిసింది, వయసు సరిపోయింది అని ఆ ముడి వేసేసుకున్నవే.

ముందు ఇండియా వైపు పని పూర్తి చేయండి. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల బాప్తిస్మం, పెళ్లి, ఖననం నమోదులకు నకళ్లు తీసి లండన్‌కు పంపేవాళ్లు. అవి 1698 నుంచి బ్రిటిష్ లైబ్రరీ ఇండియా ఆఫీసు రికార్డుల్లో ఎన్/2 వరుసలో ఉన్నాయి. పూర్వీకుడు ఆఫీసరైతే 1789 తర్వాతి కేడెట్ దరఖాస్తులు చూడండి, వాటికి బాప్తిస్మం ధ్రువపత్రం జతచేసి ఉంటుంది. మామూలు సిపాయిగా వచ్చినవాడైతే ఈస్టిండియా కంపెనీ సైనికుల ఓడ ఎక్కింపు జాబితాలు, మస్టర్ రోల్స్ (సైనికుల హాజరు పట్టీలు) చూడాలి. మీకు కావాల్సింది పారిష్ పేరు, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరి పేరు. "వార్విక్‌షైర్" అన్న మాట ఒక్కటే చేతిలో ఉంటే ఇంగ్లండ్ వైపు అడుగు పెట్టకండి. ఆ కౌంటీలో వందలకొద్దీ పారిష్‌లు, ఒకే పేరున్నవాళ్లు డజన్లకొద్దీ ఉంటారు.

ఇక పారిష్ రిజిస్టర్ల సంగతి. 1538 సెప్టెంబరులో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఇచ్చిన ఉత్తర్వుతో ప్రతి పారిష్‌లో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయడం మొదలైంది. మొదట్లో ఎక్కువమంది మామూలు కాగితం మీద రాశారు. 1598లో వాటిని పార్చ్‌మెంటు (తోలు కాగితం) మీదికి ఎక్కించాలని ఆజ్ఞ వచ్చింది, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి పాలన తొలి ఏడాది నుంచి. అందుకే చాలా చోట్ల రిజిస్టరు 1538కి బదులు 1558లో మొదలవుతుంది. మొదటి నలభై ఏళ్ల పుటలు అసలు నమోదులు కావు, ఒకే చేతిరాతలో చేసిన నకలు. నకలు రాసేవాడు ఒక వరుస వదిలేయవచ్చు, ఒక పేరు తప్పు చదవవచ్చు. అదే సమయం నుంచి ఏటా ఒక ప్రతి బిషప్‌కు పంపడం కూడా తప్పనిసరి అయింది. రిజిస్టరు పోయినా, తడిసినా, ఒక పేరు అనుమానంగా ఉన్నా బిషప్ ప్రతి తీసి పోల్చండి. రెండూ ఉన్నచోట రెండూ చూడండి, అప్పుడప్పుడు ఒకదానిలో లేని తల్లి పేరు ఇంకోదానిలో ఉంటుంది.

తేదీల్లో పడే పొరపాటు అన్నిటికంటే ఎక్కువ. 1752 దాకా ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. జనవరి, ఫిబ్రవరి, మార్చి 24 వరకు పాత సంవత్సరం కిందే లెక్క. మీరు వెతికేది వార్విక్‌షైరే కాబట్టి ఆ కౌంటీలో అందరికీ తెలిసిన కుటుంబాన్నే ఉదాహరణగా తీసుకుందాం: స్ట్రాట్‌ఫర్డ్ షేక్‌స్పియర్లు. విలియం పెద్ద కూతురు సుసానా బాప్తిస్మం 1583 మే 26న జరిగింది. కవలలు హామ్నెట్, జూడిత్‌ల బాప్తిస్మం రిజిస్టరులో 1584 ఫిబ్రవరి 2 అని ఉంటుంది. ఉన్నదున్నట్టు చదివితే రెండు కాన్పుల మధ్య ఎనిమిది నెలలే. నిజానికి అది మన లెక్కలో 1585 ఫిబ్రవరి, అంటే ఇరవై నెలల ఎడం. మీ నోట్సులో ఈ మూడు నెలల తేదీలను ఎప్పుడూ 1584/5 అని రెండు సంవత్సరాలతో రాయండి. పాత సూచికలు కొన్ని సంవత్సరాన్ని సరిదిద్దేసి ఇస్తాయి, కొన్ని ఇవ్వవు. ఇలా రాసుకోకపోతే మీరు ఒకసారి, సూచిక ఒకసారి సరిదిద్ది ఒక ఏడాది ముందుకు జరిగిపోతుంది. 1752లో సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14 అయిందన్నదీ గుర్తుంచుకోండి.

క్వేకర్ (ఒక క్రైస్తవ శాఖ) కుటుంబమైతే నెలలకు పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. 1752కు ముందు వాళ్ల మొదటి నెల మార్చి.

పారిష్ దొరికాక ఒక్క మనిషి కోసం వెతకకండి. ఆ ఇంటిపేరుతో ఉన్న ప్రతి నమోదునూ ఎనభై ఏళ్ల మేర ఎత్తి రాసుకోండి. చుట్టుపక్కల పారిష్‌లకూ అదే చేయండి, ఒక మనిషి సంతకు నడిచి వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగే దూరం వరకు. తర్వాత వాటిని కుటుంబాలుగా విడదీయండి. ఖననాలను మొదట సరిపోల్చాలి. ఇంటర్నెట్ వృక్షాల్లో చాలావరకు కూలిపోయేది ఇక్కడే, ఎందుకంటే "మా పూర్వీకుడు" అని చూపించిన పసివాడు మూడో ఏటనే సమాధి అయి ఉంటాడు. చనిపోయిన బిడ్డ పేరును తర్వాతి బిడ్డకు పెట్టడం అప్పట్లో మామూలు. విలియం తల్లిదండ్రులైన జాన్ షేక్‌స్పియర్ దంపతులకు 1558 సెప్టెంబరులో జోన్ అనే కూతురు, 1569 ఏప్రిల్‌లో మళ్లీ జోన్ అనే కూతురు. పెద్దయి హార్ట్ ఇంటి కోడలైంది రెండో జోన్. మొదటి తేదీతో వయసు లెక్కగడితే పదేళ్లకు పైగా తేడా వస్తుంది.

కాన్పుల మధ్య సాధారణంగా రెండు నుంచి మూడేళ్లు ఉంటుంది. నాలుగైదేళ్ల ఖాళీ కనిపిస్తే ఆ మధ్యలో ఇంకో పారిష్‌లో ఒక బిడ్డ ఉండవచ్చు. తొలి కాన్పు తల్లి పుట్టింటి పారిష్‌లో జరిగి ఉండవచ్చు, లేదా ఆ ఏడాది పుటే పోయి ఉండవచ్చు. మగవాళ్ల తొలి పెళ్లి సగటున ఇరవై ఏడు, ఇరవై ఎనిమిదేళ్లకు, ఆడవాళ్లది ఇరవై ఐదు, ఇరవై ఆరేళ్లకు జరిగేది. వృక్షంలో పదిహేనేళ్లకే పెళ్లిళ్లు వరుసగా కనిపిస్తే అనుమానించండి. 1813కు ముందు ఖననం నమోదుల్లో వయసు అరుదు. 1754కు ముందు పెళ్లి నమోదుల్లో చాలాసార్లు రెండు పేర్లు, తేదీ తప్ప ఏమీ ఉండదు. ఆ ఏడాది మార్చి 25న హార్డ్‌విక్ వివాహ చట్టం అమల్లోకి వచ్చాకే సంతకాలు, సాక్షుల పేర్లు దొరుకుతాయి.

ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు మీకు తప్పకుండా ఎదురవుతారు. స్ట్రాట్‌ఫర్డ్ రిజిస్టరులో 1589 నుంచి 1591 మధ్య జాన్ షేక్‌స్పియర్ పిల్లలుగా ఉర్సులా, హంఫ్రీ, ఫిలిప్ కనిపిస్తారు. పాత కాలపు పరిశోధకులు కొందరు వీళ్లను విలియం తోబుట్టువులుగా లెక్కేశారు. కానీ ఊళ్లో చెప్పులు కుట్టే జాన్ షేక్‌స్పియర్ ఒకడు వేరే ఉన్నాడు. విలియం తండ్రి జాన్ 1568లో పట్టణ బెయిలిఫ్ (ఊరి ప్రధాన అధికారి) అయ్యాడు. ఆ తర్వాత ఆయన పేరుకు ముందు రిజిస్టరులో గౌరవ బిరుదు వస్తుంది, చెప్పుల జాన్‌కు రాదు. అందుకే పేరుకు ముందూ వెనకా ఉన్న ప్రతి చిన్న మాటనూ, వృత్తినీ, వీధినీ అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాయండి. ట్రాన్‌స్క్రిప్ట్ వెబ్‌సైట్లు ఈ చిన్న మాటలనే వదిలేస్తాయి, కాబట్టి చివరకు పుట ఫొటో చూడక తప్పదు. "సీనియర్", "జూనియర్" అన్నవి తండ్రీకొడుకులకే వాడాలని లేదు. ఊళ్లో పెద్దవాడు, చిన్నవాడు అని వేరుచేయడానికి బాబాయి, అన్న కొడుకులకు కూడా వాడేవాళ్లు. పెద్దాయన పోగానే జూనియర్ సీనియర్ అయిపోతాడు.

వీలునామాల దగ్గర ఎక్కువ సమయం పెట్టండి, ఈ మొత్తం పనికి వెన్నెముక అవే. 1858కు ముందు వీలునామాలను ఆమోదించేది చర్చి కోర్టులు. ఆస్తి ఒక ఆర్చ్‌డీకన్ (బిషప్ కింది అధికారి) పరిధిలోనే ఉంటే ఆయన కోర్టు, అది దాటితే బిషప్ కోర్టు. ఒకటికి మించిన డయోసీజుల్లో (బిషప్ పరిధుల్లో) 5 పౌండ్లకు పైబడిన ఆస్తి ఉంటే ఆర్చ్‌బిషప్ కోర్టు: దక్షిణాన కాంటర్‌బరీ, ఉత్తరాన యార్క్. వీటికి తోడు ఈ క్రమంలో ఇమడని ప్రత్యేక అధికార పరిధులు ఉంటాయి, స్ట్రాట్‌ఫర్డ్ అలాంటిదే. వార్విక్‌షైర్ విషయంలో ఇంకో చిక్కు ఉంది: కౌంటీలో కొంత భాగం వుస్టర్ డయోసీజులో, మిగతాది లిచ్‌ఫీల్డ్ డయోసీజులో ఉండేది. మీ పారిష్ ఎటు పడుతుందో మొదట తేల్చుకోండి, లేకపోతే వెతకాల్సిన పెట్టె ఒకటైతే ఇంకోటి వెతుకుతూ కూర్చుంటారు. ఫ్యామిలీసెర్చ్ వాళ్ల ఇంగ్లండ్ పరిధుల పటం ఇందుకు ఉచితంగా పనికొస్తుంది. కాంటర్‌బరీ వీలునామాలు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ప్రాబ్ 11 వరుసలో 1384 నుంచి 1858 వరకు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. అంతర్యుద్ధం తర్వాత 1653 నుంచి 1660 వరకు దేశం మొత్తానికీ ఒకే కోర్టు ఉండింది కాబట్టి ఆ ఏళ్లలో చనిపోయిన చిన్న రైతు వీలునామా కూడా అక్కడే ఉంటుంది. డెవన్ వైపు వాళ్లకు అదృష్టం తక్కువ. 1942లో ఎక్సెటర్ మీద పడ్డ బాంబులకు అక్కడి వీలునామాలు చాలావరకు కాలిపోయాయి.

వీలునామాలోని చుట్టరికం మాటలను నేటి అర్థంతో చదవకూడదు. 1616 మార్చిలో రాసిన వీలునామాలో విలియం షేక్‌స్పియర్ ఎలిజబెత్ హాల్‌ను "నీస్" అన్నాడు. ఆమె అన్న కూతురూ కాదు, చెల్లెలి కూతురూ కాదు, సుసానా బిడ్డ, అంటే మనవరాలు. అలాగే "సన్ ఇన్ లా" అంటే అల్లుడే కానక్కర్లేదు, భార్య మొదటి భర్తకు పుట్టిన కొడుకు కావచ్చు. "కజిన్" అంటే రక్తసంబంధం ఉన్న ఎవరైనా కావచ్చు, అన్న కొడుకూ కావచ్చు. "బ్రదర్" అంటే బావ, బావమరిది, తోడల్లుడు కూడా. "మిసెస్" అని ఉంటే పెళ్లయిందని కాదు, పరువుగల ఇంటి ఆడమనిషి అని. ఒక్క మాట మీద వృక్షంలో కొమ్మ వేసేయకుండా మిగతా పేర్లతో కుదురుతుందో లేదో చూడండి. వీలునామాలో పెద్ద కొడుకు పేరు లేకపోయినా, ఒక్క షిల్లింగే ఇచ్చినా తగవు పడ్డారని అనుకోకండి. ఆయనకు భూమి ముందే రాసిచ్చి ఉండవచ్చు, లేదా వారసత్వంగా దానంతటదే వచ్చి ఉండవచ్చు. వీలునామా లేకుండా చనిపోతే ఆస్తి నిర్వహణ పత్రం, ఇంట్లోని వస్తువుల జాబితా ఉంటాయి. అవి వేరే వరుసలో, వేరే సూచికలో ఉంటాయి కాబట్టి "వీలునామా లేదు" అని రాసుకునే ముందు అవీ చూడాలి.

చుట్టూ ఉన్నవాళ్లను వెతకడం ఎంత పని చేస్తుందో విలియం పెళ్లి పత్రాల్లో చూడండి. వుస్టర్ బిషప్ ఆఫీసు పుస్తకంలో 1582 నవంబరు 27న పెళ్లి లైసెన్సు రాసిన పద్దులో వధువు "టెంపుల్ గ్రాఫ్టన్‌కు చెందిన ఆన్ వేట్లీ". మర్నాడు, 28న రాసిన 40 పౌండ్ల పూచీ పత్రంలో "స్ట్రాట్‌ఫర్డ్‌కు చెందిన ఆన్ హాథ్‌వే". స్ట్రాట్‌ఫర్డ్ పక్క ఊరు షాటరీకి చెందిన రైతు రిచర్డ్ హాథ్‌వే 1581 వీలునామాలో ఆన్ అనే కూతురే లేదు, ఆగ్నెస్ ఉంది. మూడు పేర్లు చూసి ముగ్గురు ఆడపిల్లలని కథ అల్లవచ్చు, అల్లారు కూడా. తేల్చేది పూచీ పడ్డ మనుషులు. ఫల్క్ శాండెల్స్, జాన్ రిచర్డ్‌సన్ ఇద్దరూ షాటరీ వైపు రైతులు. రిచర్డ్ హాథ్‌వే వీలునామా అమలు చూడాల్సిన పెద్దమనిషిగా శాండెల్స్, సాక్షిగా రిచర్డ్‌సన్ ఉన్నారు. చనిపోయిన స్నేహితుడి కూతురి పెళ్లికి వాళ్లు పూచీ పడ్డారు. ఆగ్నెస్, ఆన్ అప్పట్లో ఒకే పేరుగా వాడేవాళ్లు. వేట్లీ అన్నది గుమాస్తా పొరపాటు అనుకోవడమే సబబు, ఆ రోజు అదే కోర్టులో ఆ ఇంటిపేరుగల మనిషి వ్యాజ్యం ఒకటి నడిచింది. ఈ హాథ్‌వేలకు గార్డ్‌నర్ అనే మారు ఇంటిపేరు కూడా ఉంది. "అలియాస్" అని రెండు ఇంటిపేర్లు కలిపి రాస్తే నేరగాడని కాదు, రెండింటి కిందా వెతకాలని అర్థం. మీ పూర్వీకుల వీలునామాల్లో సాక్షులు, అమలుదారులు, అప్పిచ్చినవాళ్లు అందరినీ వేరే పట్టికలో రాసుకోండి. రెండు తరాల తర్వాత ముడి విప్పేది ఆ పట్టికే.

పన్ను జాబితాలు మనిషి ఎక్కడున్నాడో చెబుతాయి గానీ ఎవరి కొడుకో చెప్పవు. 1524, 1525 సబ్సిడీ (రాజుకు కట్టే పన్ను) జాబితాలు రిజిస్టర్లకు ముందున్న తరానికి బాగా పనికొస్తాయి. 1641-42 ప్రొటెస్టేషన్ (ప్రమాణం చేసినవాళ్ల) జాబితాల్లో పద్దెనిమిదేళ్లు నిండిన మగవాళ్ల పేర్లుంటాయి. 1662 నుంచి 1689 వరకు పొయ్యి పన్ను వసూలు చేశారు, పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు. పొయ్యిల లెక్కతో ఇంటి స్థాయి తెలుస్తుంది, ఒకే పేరున్న ఇద్దరిని వేరుచేయడానికి ఇది చక్కగా ఉపయోగపడుతుంది. పేదవాళ్ల విషయంలో 1662 సెటిల్‌మెంట్ చట్టం కింద వచ్చిన పత్రాలు అమూల్యం. ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కు మనిషిని పంపించేసే ఉత్తర్వులు, ఆయన ఎక్కడ పుట్టాడు, ఎక్కడ పనిచేశాడు అని ప్రశ్నించి రాసుకున్న వాంగ్మూలాలు వాటిలో ఉంటాయి. 1700ల మొదట్లో మీ వరుస ఉన్నట్టుండి ఒక పారిష్‌లో ప్రత్యక్షమైతే ఇవి చూడకుండా ముందుకు కదలకండి.

కౌలు భూమి ఉన్న కుటుంబానికి మేనరు కోర్టు రోల్స్ ఉంటే రిజిస్టర్లను మించిన ఆధారం దొరికినట్టే. "ఫలానావాడు చనిపోయాడు, అతని కొడుకు ఫలానావాడు వచ్చి రుసుము కట్టి భూమిలో ప్రవేశించాడు" అని తండ్రీకొడుకుల సంబంధాన్ని నేరుగా రాస్తారు. ఒక్కోచోట మూడు నాలుగు తరాలు వరుసగా దొరుకుతాయి. ఏ మేనరు పత్రాలు ఎక్కడున్నాయో నేషనల్ ఆర్కైవ్స్ మేనరు పత్రాల సూచికలో చూడవచ్చు. 1651 నుంచి 1660 దాకా తప్పిస్తే 1733 వరకు ఇవి లాటిన్‌లో ఉంటాయి, కానీ వాక్యాలు మూస వాక్యాలే. ఇరవై ముప్ఫై మాటలు నేర్చుకుంటే చాలు. పేర్ల లాటిన్ రూపాలు తెలియాలి: జాకోబస్ అంటే జేమ్స్, గులియెల్మస్ అంటే విలియం, ఎగిడియస్ అంటే జైల్స్, రాడల్ఫస్ అంటే రాల్ఫ్. చాన్సరీ, ఎక్స్‌చెకర్ కోర్టుల వాంగ్మూలాల్లో సాక్షి వయసు, ఊరు, వృత్తి మొదటి వరుసలోనే ఉంటాయి. ఖననం రిజిస్టరు ఇవ్వని వయసు అక్కడ దొరుకుతుంది, అయితే "నలభై లేదా ఆ చుట్టుపక్కల" అని గుండ్రంగా చెబుతారు.

చేతిరాతకు కొన్ని వారాలు కేటాయించండి. 1550 నుంచి 1650 దాకా ఎక్కువగా కనిపించేది సెక్రటరీ హ్యాండ్. అందులో సి అక్షరం ఈనాటి ఆర్‌లా ఉంటుంది, హెచ్ తోక గీత కిందికి వేలాడుతుంది, పేరు మొదట్లో రెండు చిన్న ఎఫ్‌లు కనిపిస్తే అది పెద్ద ఎఫ్. రోమన్ అంకెల్లో చివరి ఐ జెలా దిగుతుంది. నాలుగు అంకె మీద చిన్నగా రెండు ఎక్స్‌లు ఉంటే నాలుగు ఇరవైలు, అంటే 80. నేషనల్ ఆర్కైవ్స్ ఉచిత పాఠాలు ఉన్నాయి. చదవలేని అక్షరం వస్తే అదే పుటలో మీకు తెలిసిన ఊరి పేరు, నెల పేరు వెతికి ఆ అక్షరం అక్కడెలా ఉందో పోల్చండి.

అచ్చయిన వంశావళుల గురించి ఒక హెచ్చరిక. 1530 నుంచి 1688 వరకు హెరాల్డులు (వంశ చిహ్నాల వ్యవహారం చూసే రాజాధికారులు) కౌంటీలు తిరిగి జెంట్రీ (పరువుగల భూస్వాముల) కుటుంబాల వంశాలు రాసుకున్నారు. తాత, తండ్రి, పిల్లల వరకు వాటిని చాలావరకు నమ్మొచ్చు, చెప్పినవాడికి వాళ్లు కళ్లెదుట ఉన్నవాళ్లు. పై తరాలు మాత్రం ఇంటి గొప్పలు. 1596 నాటి షేక్‌స్పియర్ వంశ చిహ్నం ముసాయిదాలోనూ పూర్వీకులను ఏడో హెన్రీ రాజు సేవకు మెచ్చి సత్కరించాడని ఉంది. అలాంటి సత్కారం జరిగిన పత్రం దొరకలేదు.

ఎక్కడ ఆగాలన్నదీ ఈ కుటుంబమే చూపిస్తుంది. జాన్ తండ్రి స్ట్రాట్‌ఫర్డ్ దగ్గరి స్నిటర్‌ఫీల్డ్ ఊరి రైతు రిచర్డ్ అని ఎలా అంటున్నాం? 1561 ఫిబ్రవరిలో రిచర్డ్ ఆస్తి నిర్వహణ పత్రం జాన్ షేక్‌స్పియర్ పేరిట ఇచ్చారు. అందులో అతన్ని స్నిటర్‌ఫీల్డ్ రైతు అన్నారు గానీ స్ట్రాట్‌ఫర్డ్ గ్లోవ్స్ వ్యాపారి అనలేదు. ఆ ఒక్క పత్రంతో ముడి వేయకూడదు. కానీ 1587 అప్పు వ్యాజ్యంలో స్నిటర్‌ఫీల్డ్ హెన్రీ తరఫున పూచీ పడ్డ స్ట్రాట్‌ఫర్డ్ జాన్ అతని సోదరుడని తెలుస్తుంది. రిచర్డ్ కౌలుకు చేసింది జాన్ మామగారు రాబర్ట్ ఆర్డెన్ భూమి. మూడూ కలిస్తే ముడి గట్టిది. రిచర్డ్ 1529 నాటికి స్నిటర్‌ఫీల్డ్ పత్రాల్లో ఉన్నాడు. అతని తండ్రి ఎవరో చెప్పే పత్రం ఇన్ని తరాల వెతుకులాటలో బయటపడలేదు. మీ వృక్షంలో కూడా ప్రతి ముడి పక్కన ఏ పత్రం, ఏ పుట, నేరుగా చెప్పిందా లేక మీరు ఊహించారా అని రాయండి. ఊహించిన ముడిని చుక్కల గీతతో వేయండి. 1642 నుంచి 1660 మధ్య రిజిస్టర్లు చాలా చోట్ల తెగిపోయి ఉంటాయి కాబట్టి మీకు మొదటి చుక్కల గీత బహుశా అక్కడే వస్తుంది. అప్పుడు ఆ ఖాళీకి రెండు వైపులా ఉన్న వీలునామాలు, పొయ్యి పన్ను జాబితా పక్కపక్కన పెట్టండి.

ఇండియా పత్రాల్లో పారిష్ పేరు దొరికాక, ఇంటిపేరు రకరకాల స్పెల్లింగులతో సహా ఇక్కడ పెట్టండి. ఏ కోర్టు వీలునామాలు, ఏ మేనరు రోల్స్ మొదట తీయాలో ఆ పారిష్‌ను బట్టి చెప్పవచ్చు.